టర్బో ఇంజను మార్పిడిలో కంపెనీ ఎగ్జాస్టు మానిఫోల్డులు

కంపెనీ ఎగ్జాస్టు మానిఫోల్డు అనగా వాహన తయారీ సంస్థ ఇంజనుతో పాటు కర్మాగారంలోనే బిగించి ఇచ్చే పొగ సేకరణ భాగము. సిలిండర్ హెడ్‌లోని ఎగ్జాస్టు రంధ్రాల నుండి వెలువడే వేడి వాయువులను ఇది ఒకచోటికి చేర్చి పొగగొట్టంలోనికి పంపుతుంది. ఒక వాహనంలోని ఇంజనును తొలగించి, వేరొక వాహనపు ఇంజనును అమర్చి, దానికి టర్బోచార్జరును జతపరచే పనిలో ఖర్చు తగ్గించుటకు ఈ భాగాన్నే తిరిగి వాడుకొనే పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విస్తృతంగా ఉంది. జనరల్ మోటార్స్ సంస్థ 1999 మోడల్ సంవత్సరం నుండి తన పికప్ ట్రక్కులలో అమర్చిన వి8 ఇంజన్లు ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

టర్బో లేని ఇంజనులో కంపెనీ మానిఫోల్డును తీసివేసి పొడవాటి గొట్టాల హెడర్లను అమర్చితే శక్తి పెరుగుతుంది. టర్బో ఉన్న ఇంజనులో ఈ లాభం చాలావరకు తగ్గిపోతుంది. ఎందుకనగా వాయువుల దారిలో అతి ఇరుకైన చోటు టర్బైనే. మరోవైపు మందమైన పోత ఇనుము వేడిని నిలుపుకొనుట, బరువును మోయుట, పగుళ్ళను తట్టుకొనుట వంటి గుణాలు టర్బో ఇంజనుకు ఎక్కువ అవసరం. ఈ కారణాల వలన, మధ్యస్థమైన శక్తి సరిపోయే మార్పిడులలో కంపెనీ మానిఫోల్డు తక్కువ ధరకు లభించే సమర్థమైన భాగమని చెప్పవచ్చు. అయితే విరిగే బోల్టులు, పొగ కారుట, అగ్ని ప్రమాదము వంటి విషయాలలో తగిన జాగ్రత్త అవసరం.

## నేపథ్యము

ఎగ్జాస్టు వాయువుల శక్తితో గాలిని కుదించి ఇంజనులోనికి పంపే విధానానికి స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందాడు. మొదట ఈ విధానం ఓడలు, విమానాలు, పెద్ద డీజిల్ ఇంజన్లలో వ్యాపించింది. ప్రయాణికుల కార్లలోనికి 1962లో ప్రవేశించింది. ఆ ఏడాది జనరల్ మోటార్స్ సంస్థ ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ మోంజా స్పైడర్ అను రెండు టర్బో కార్లను విడుదల చేసింది.

ఒక కారులో వేరొక కారు ఇంజనును పెట్టుట అమెరికాలో అంతకంటె పాత అలవాటు. 1932లో వచ్చిన ఫోర్డు ఫ్లాట్‌హెడ్ వి8, 1955లో వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్ వి8 ఇంజన్లు ఇటువంటి మార్పిడులకు దశాబ్దాల పాటు ఆధారమయ్యాయి. స్మాల్ బ్లాక్ స్థానంలో పూర్తిగా కొత్తగా రూపొందించిన ఎల్‌ఎస్1 ఇంజను 1997 మోడల్ కార్వెట్ కారుతో వచ్చింది. దీనినే మూడవ తరం స్మాల్ బ్లాక్ అంటారు. ఇదే కుటుంబానికి చెందిన, ఇనుప బ్లాకు గల 4.8, 5.3, 6.0 లీటర్ల ఇంజన్లను 1999 మోడల్ నుండి షెవర్లే సిల్వరాడో, జీఎంసీ సియెర్రా ట్రక్కులలో అమర్చారు.

ఈ ట్రక్కులు చాలా పెద్ద సంఖ్యలో అమ్ముడుపోయాయి. ప్రమాదాలలో దెబ్బతిన్న, కాలం చెల్లిన వాహనాలతో పాటు ఈ ఇంజన్లు తుక్కు యార్డులకు చేరసాగాయి. కార్వెట్ వంటి కార్ల అల్యూమినియం ఇంజను కంటె ట్రక్కు ఇంజను బరువు ఎక్కువ, ధర మాత్రం బాగా తక్కువ. దాని ఇనుప బ్లాకు టర్బో పీడనాన్ని తట్టుకోగలదు. ఇంజనుతో పాటు మానిఫోల్డులు కూడా వస్తాయి కనుక, వాటినే వాడుకొనే ఆలోచన సహజంగా పుట్టినది.

## పని చేయు సూత్రము

### టర్బో లేని ఇంజనులో

ఎగ్జాస్టు వాల్వు తెరచుకొనగానే సిలిండరులోని వాయువు ఒక పీడన తరంగంగా బయటకు వస్తుంది. హెడర్లలో ప్రతి సిలిండరుకు విడిగా ఒక పొడవాటి గొట్టం ఉంటుంది. గొట్టాలు కలిసే చోట తరంగం విస్తరించి, తక్కువ పీడనం గల తరంగంగా వెనుకకు మరలుతుంది. అది సరైన సమయానికి వాల్వు వద్దకు చేరితే సిలిండరులో మిగిలిన పొగను బయటకు లాగి, కొత్త గాలికి చోటు కల్పిస్తుంది. గొట్టాల పొడవు, వ్యాసము ఈ లెక్క ప్రకారం నిర్ణయిస్తారు. కంపెనీ మానిఫోల్డులో గొట్టాలు పొట్టిగా ఉండి వెంటనే ఒకే గదిలో కలుస్తాయి కనుక ఈ లాభం అంతగా దొరకదు.

### టర్బో ఉన్న ఇంజనులో

టర్బో ఇంజనులో మానిఫోల్డు చివర టర్బైను ఉంటుంది. వాయువు దాని ఇరుకైన దారి గుండా దూసుకొనిపోయి చక్రాన్ని తిప్పుతుంది. అందువలన మానిఫోల్డులో ఎల్లప్పుడు పీడనం నిలిచి ఉంటుంది. పూర్తి భారం మీద ఈ పీడనం, ఇంజనులోనికి వెళ్ళే గాలి పీడనం కంటె ఎక్కువగా ఉండుట సాధారణం. వెలుపలి పీడనమే ఎక్కువైనప్పుడు, తరంగాల ద్వారా పొగను బయటకు లాగుకొనే ప్రభావం బలహీనపడుతుంది.

టర్బైనుకు కావలసినది వేడి, పీడనము, వేగము. మానిఫోల్డు లోపలి ఘనపరిమాణం తక్కువైతే అది త్వరగా నిండుతుంది. యాక్సిలరేటరు నొక్కిన తరువాత టర్బో పుంజుకొనే సమయం తగ్గుతుంది. దారిలో వేడి పోకుంటే టర్బైనుకు ఎక్కువ శక్తి దొరుకుతుంది. పొట్టిగా, మందంగా ఉండే పోత మానిఫోల్డు ఈ రెండు అవసరాలను చాలావరకు తీర్చగలదు. టర్బో కార్లను తయారు చేసే సంస్థలు సైతం అనేక నమూనాలలో పొట్టి పోత మానిఫోల్డులనే వాడుటకు ఇది ఒక కారణం.

### జ్వలన క్రమము

ఈ జనరల్ మోటార్స్ ఇంజన్లలో సిలిండర్ల జ్వలన క్రమము 1-8-7-2-6-5-4-3. బేసి సంఖ్య గల సిలిండర్లు ఎడమ వరుసలోను, సరి సంఖ్య గలవి కుడి వరుసలోను ఉంటాయి. ఎనిమిది సిలిండర్లను కలిపి చూస్తే ప్రతి 90 డిగ్రీల క్రాంకు భ్రమణానికి ఒక జ్వలనం జరుగుతుంది. ఒక్కొక్క వరుసను విడిగా చూస్తే మాత్రం ఆ అంతరాలు సమానంగా ఉండవు.

- ఎడమ వరుస: 1 తరువాత 7వది 180 డిగ్రీలకు, 5వది మరి 270 డిగ్రీలకు, 3వది మరి 180 డిగ్రీలకు, తిరిగి 1వది 90 డిగ్రీలకు.
- కుడి వరుస: 8 తరువాత 2వది 180 డిగ్రీలకు, 6వది మరి 90 డిగ్రీలకు, 4వది మరి 180 డిగ్రీలకు, తిరిగి 8వది 270 డిగ్రీలకు.

కనుక ఒక వరుసలోని నాలుగు గొట్టాలను ఎంత సమానమైన పొడవుతో చేసినను తరంగాలు సమాన వ్యవధిలో టర్బైనును చేరవు. ఖరీదైన సమాన పొడవు హెడర్ల వలన నాలుగు సిలిండర్ల ఇంజనులో కలిగే ప్రయోజనం ఇక్కడ అంతగా కలుగకపోవుటకు ఇది కారణం.

ఇదే క్రమంలో ఒక ఇబ్బంది కూడా కలదు. 3వ సిలిండరు ఇంకా పొగను వదులుతుండగానే 90 డిగ్రీల తేడాతో 1వ సిలిండరు తరంగం మానిఫోల్డులోనికి వస్తుంది. కుడి వైపు 2, 6 సిలిండర్ల మధ్య ఇదే పరిస్థితి. పొట్టి మానిఫోల్డులో ఈ తరంగం పక్క సిలిండరులోనికి వేడి పొగను తిరిగి నెట్టగలదు. ఇన్‌టేక్, ఎగ్జాస్టు వాల్వులు రెండూ ఒకేసారి తెరచి ఉండే సమయం తక్కువగా ఉంటే దీని ప్రభావం తగ్గుతుంది. ట్రక్కు ఇంజనులోని కంపెనీ క్యామ్‌షాఫ్టులో ఈ సమయం తక్కువే. అందుచేత కంపెనీ మానిఫోల్డు, కంపెనీ క్యామ్‌షాఫ్టు ఒకదానికొకటి సరిపోతాయి.

## రకాలు

మార్పిడులలో వాడే కంపెనీ మానిఫోల్డులను రెండు రకాలుగా విభజించవచ్చు.

టర్బో ఇంజనుకే చేసినవి: ఫోర్డు 2.3 లీటర్ల టర్బో, వోల్వో బి230ఎఫ్‌టీ, మిత్సుబిషి 4జీ63 టర్బో, నిస్సాన్ ఎస్ఆర్20డీఈటీ వంటి ఇంజన్ల మానిఫోల్డులు ఈ కోవకు చెందుతాయి. వీటికి టర్బోను బిగించే ఫ్లాంజి ముందే ఉంటుంది. టర్బో బరువు, వేడి లెక్కలోనికి తీసుకొని పోత పోసినవి. అదే కుటుంబానికి చెందిన టర్బో లేని ఇంజనుకు వీటిని తెచ్చి అమర్చుట కొన్నిచోట్ల సాధ్యపడుతుంది. వీటిలోని లోపము ఏమనగా, ఫ్లాంజి కొలతలు చిన్న టర్బోకు తగినట్లుగా ఉండుట, కొన్ని సంస్థలు తమకే ప్రత్యేకమైన బోల్టు అమరికను వాడుట.

టర్బో లేని ఇంజనుకు చేసినవి: జనరల్ మోటార్స్ ట్రక్కు మానిఫోల్డులు ఈ రకానివి. వీటికి టర్బో ఫ్లాంజి ఉండదు. వీటి చివరి నుండి వేరే గొట్టాన్ని చేయించి, దాని ద్వారా టర్బోను కలపవలసి ఉంటుంది. టర్బోను ఎక్కడ పెట్టవలెనన్నది అమర్చేవారి ఇష్టము.

హోండా కే20సీ1, ఫోక్స్‌వ్యాగన్ ఈఏ888 మూడవ తరం వంటి ఇటీవలి ఇంజన్లలో మానిఫోల్డు సిలిండర్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటుంది. అటువంటి ఇంజన్లకు ఈ చర్చ వర్తించదు.

## ట్రక్కు వి8 ఇంజనులో అమరిక

ఈ కుటుంబంలో సామాన్యంగా దొరికే మూడు ఇనుప బ్లాకు ఇంజన్ల కొలతలు ఇవి.

- 4.8 లీటర్లు: బోరు 96 మి.మీ., స్ట్రోకు 83 మి.మీ.
- 5.3 లీటర్లు: బోరు 96 మి.మీ., స్ట్రోకు 92 మి.మీ.
- 6.0 లీటర్లు: బోరు 101.6 మి.మీ., స్ట్రోకు 92 మి.మీ.

ట్రక్కులో మానిఫోల్డు నోరు ఇంజను వెనుక భాగాన, క్రిందికి తిరిగి ఉంటుంది. పొగగొట్టం డ్రైవరు క్యాబిను క్రిందుగా వెనుకకు పోవుటకు ఇది అనుకూలం. టర్బోను సాధారణంగా ఇంజను ముందు భాగాన పెడతారు కనుక నోరు ముందుకు తిరగవలెను. ఇందుకు సులభమైన ఉపాయం ఎడమ మానిఫోల్డును కుడి వైపు, కుడి మానిఫోల్డును ఎడమ వైపు బిగించుట.

ఇది సాధ్యమగుటకు కారణం ఇంజను నిర్మాణంలోనే ఉంది. ఎడమ, కుడి సిలిండర్ హెడ్‌లు రెండూ ఒకే భాగము. ఒకదానిని నిలువు అక్షం చుట్టూ 180 డిగ్రీలు త్రిప్పితే రెండవ వైపు సరిపోతుంది. హెడ్‌తో పాటే దాని మానిఫోల్డును కూడా త్రిప్పినట్లు ఊహిస్తే, వెనుక ఉన్న నోరు ముందుకు వస్తుంది, బోల్టు రంధ్రాలు యథాతథంగా కలుస్తాయి. నోరు మాత్రం ముందువలెనే క్రిందికి చూస్తుంది.

వైపులు మార్చిన తరువాత ఈ క్రింది భాగాలకు చోటు చాలునో లేదో చూడవలెను.

- ఆల్టర్నేటరు, ఏసీ కంప్రెసరు, వాటి బ్రాకెట్లు
- స్టీరింగు షాఫ్టు, ఇంజను మౌంటులు
- స్పార్కు ప్లగ్గు వైర్లు, వాటి రబ్బరు తొడుగులు
- నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టము

కొన్ని సంవత్సరాల మానిఫోల్డులలో పొగను తిరిగి ఇంజనులోనికి పంపే ఈజీఆర్ గొట్టానికి రంధ్రం ఉంటుంది. ఆ ఏర్పాటు లేని ఇంజనులో వాడేటప్పుడు దానిని గట్టిగా మూయవలెను. 2014 మోడల్ నుండి ట్రక్కులలో వచ్చిన ఐదవ తరం ఇంజన్లు వేరే రూపకల్పనకు చెందినవి. పై వివరాలు వాటికి వర్తిస్తాయని అనుకొనరాదు.

### కలిపే గొట్టము

ఒకే టర్బో వాడినప్పుడు రెండు మానిఫోల్డుల నుండి వచ్చే వాయువును ఒకచోటికి చేర్చే గొట్టం చేయించవలసి ఉంటుంది. సాధారణంగా 50 నుండి 63 మి.మీ. వ్యాసం గల ఉక్కు గొట్టాన్ని ఇంజను ముందుగా త్రిప్పి, టర్బైను ఫ్లాంజి వద్ద కలుపుతారు. రెండు టర్బోలు వాడితే ఈ గొట్టం అవసరం లేదు, కాని నూనె గొట్టాలు, గాలి గొట్టాలు, వేస్ట్‌గేట్లు రెట్టింపు అవుతాయి. అందువలన చౌక మార్పిడులలో ఒకే టర్బో పద్ధతి ఎక్కువ.

ఈ గొట్టంలో తరచుగా విస్మరించబడేది వ్యాకోచము. ఒక మీటరు పొడవు గల మామూలు ఉక్కు గొట్టము 700 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే సుమారు 8 మి.మీ. సాగుతుంది. అదే కొలత స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టము 12 మి.మీ. పైగా సాగుతుంది. సాగుటకు వీలు లేనిచో ఆ బలమంతా వెల్డింగు అతుకుల మీద, మానిఫోల్డు బోల్టుల మీద పడుతుంది. అందుకే మధ్యలో ఒక మడతల గొట్టమును లేదా జారే అతుకును పెట్టుట మంచిది.

టర్బో బరువును గొట్టాల మీద వ్రేలాడదీయరాదు. దానికి వేరే బ్రాకెట్ చేయించి ఇంజనుకే బిగించవలెను, కారు చట్రానికి బిగించరాదు. ఇంజను తన రబ్బరు మౌంటుల మీద కదులుతుంది, చట్రము కదలదు. రెండింటి నడుమ చిక్కిన మానిఫోల్డు పగులుతుంది.

## లోహము, ఉష్ణోగ్రత

పెట్రోలు టర్బో ఇంజనులో పూర్తి భారం వద్ద ఎగ్జాస్టు వాయువు ఉష్ణోగ్రత 850 నుండి 950 డిగ్రీల సెల్సియస్ వరకు చేరవచ్చును. ఇంత వేడిని తట్టుకొనే శక్తి లోహాన్ని బట్టి మారుతుంది.

- బూడిద పోత ఇనుము: వర్క్‌షాపులలో బీడు అని పిలిచేది. చౌక, వేడిని నిలుపుతుంది, కాని పెళుసు. ఆకస్మికంగా వేడెక్కి చల్లారితే పగులుతుంది.
- సిలికాన్, మాలిబ్డినం కలిపిన గోళాకార గ్రాఫైటు ఇనుము: సుమారు 800 డిగ్రీల పైవరకు పనికి వస్తుంది. ఆధునిక కంపెనీ మానిఫోల్డులలో విరివిగా వాడతారు.
- నికెలు అధికంగా గల పోత ఇనుము: అంతకంటె ఎక్కువ వేడిని ఓర్చగలదు. టర్బో ఇంజన్ల మానిఫోల్డులు, టర్బైను గూళ్ళలో కనిపిస్తుంది.
- వేడిని తట్టుకొనే పోత ఉక్కు: సుమారు 1,000 డిగ్రీల వరకు. ధర ఎక్కువ.
- మామూలు ఉక్కు గొట్టము: వెల్డింగు సులభం, కాని ఎర్రగా కాలినప్పుడు పైపొర త్రుప్పుగా రాలిపోతుంది. పలుచని గొట్టాలు కాలక్రమేణ వంగుతాయి, పగులుతాయి.

పోత ఇనుముకు వెల్డింగు చేయుట కష్టము. ముందుగా మొత్తం భాగాన్ని వేడి చేసి, నికెలు కడ్డీతో కొద్దికొద్దిగా అతికి, ఇసుకలో గాని వేడిని ఆపే దుప్పటిలో గాని నెమ్మదిగా చల్లార్చవలెను. ఆత్రపడి చన్నీళ్ళు పోస్తే అతుకు పక్కనే చీలిక వస్తుంది. కంపెనీ నోటికి సరిపోయే ఫ్లాంజిని బోల్టులతో బిగించి, వెల్డింగు అంతా ఉక్కు గొట్టం వైపు మాత్రమే చేయుట దీనికంటె సురక్షితము.

## అమర్చు విధానము

వాడిన మానిఫోల్డును బిగించే ముందు ఈ క్రింది పనులు చేస్తారు.

1. మట్టి, త్రుప్పు తొలగించి పగుళ్ళ కొరకు పరీక్షించుట. గొట్టాలు కలిసే మూలలలో పగుళ్ళు ఎక్కువ.
2. హెడ్‌కు తగిలే ముఖము మీద నిటారు పట్టీని ఉంచి వంపును చూచుట. వంపు ఉంటే మెషిను మీద చదును చేయించవలెను.
3. పాత బోల్టులను పారవేసి, వేడికి తగిన కొత్త బోల్టులు వాడుట.
4. కాగితపు రకం ప్యాకింగుకు బదులు ఉక్కు పొరలతో చేసిన ప్యాకింగు వాడుట.
5. మధ్య బోల్టుల నుండి మొదలుపెట్టి రెండు చివరలకు, తయారీదారు చెప్పిన బలంతో, ఒకటికి రెండు విడతలుగా బిగించుట.
6. ఇంజనును బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారిన తరువాత బోల్టులను తిరిగి పరీక్షించుట.

## సాధారణ లోపాలు

ఈ ట్రక్కు ఇంజన్లలో పేరుమోసిన లోపము మానిఫోల్డు బోల్టులు విరుగుట. టర్బో లేని ట్రక్కులలోనే ఇది జరుగుతుంది. చివరి బోల్టులు, ముఖ్యంగా వెనుకవి, ముందుగా విరుగుతాయి. మానిఫోల్డు ఇనుము, అధిక శాతం ఇంజన్లలో హెడ్ అల్యూమినియం. వేడెక్కినప్పుడు రెండూ వేర్వేరుగా సాగి, చల్లారినప్పుడు వేర్వేరుగా ముడుచుకొంటాయి. కదలిక మధ్యలో తక్కువ, చివరలలో ఎక్కువ. ప్రతి ప్రయాణంలోను ఇది పునరావృతమై చివరి బోల్టు అలసి తెగిపోతుంది. టర్బో వేడి, బరువు తోడైతే ఈ ప్రమాదం పెరుగుతుంది.

విరిగిన ముక్క హెడ్‌లోనే ఉండిపోతుంది. అది కొంత బయటకు కనిపిస్తే దాని మీద ఒక నట్టును ఉంచి వెల్డింగు చేసి, ఆ నట్టుతో త్రిప్పి తీస్తారు. లోపలనే విరిగితే సరిగా మధ్యలో డ్రిల్లు చేయవలసి ఉంటుంది. ఇంజను కారులోనికి ఎక్కక ముందే ఈ పని చేసుకొనుట మేలు. ఎక్కిన తరువాత వెనుక బోల్టును చేరుట దాదాపు అసాధ్యము.

ప్యాకింగు వద్ద పొగ కారితే మూడు నష్టాలు కలుగుతాయి. మొదటిది, టర్బైనుకు చేరవలసిన శక్తి వృథా అగుట. రెండవది, ఆక్సిజన్ సెన్సారు తప్పుడు కొలత చూపుట. తరంగాల నడుమ పీడనం తగ్గిన క్షణాలలో బయటి గాలి లోపలికి చొరబడితే, ఇంధనం తక్కువైనదని కంప్యూటరు భ్రమపడి అదనంగా పంపుతుంది. మూడవది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడు కారులోనికి చేరు అవకాశము.

## ఖర్చు, ప్రాధాన్యము

కంపెనీ మానిఫోల్డు వలన మిగిలే సొమ్ము ఎక్కడ వెచ్చించబడుతున్నదన్నదే ఈ పద్ధతి జయాపజయాలను నిర్ణయిస్తుంది. 5.3 లీటర్ల ఎల్‌ఎం7 ఇంజను కర్మాగారం నుండి, సంవత్సరాన్ని బట్టి, 270 నుండి 295 అశ్వశక్తితో వచ్చేది. వాతావరణ పీడనం కంటె 0.6 బార్ అధికంగా గాలిని పంపితే లోపలి పీడనం 1.6 రెట్లు అవుతుంది. కుదించిన గాలి వేడెక్కుట, టర్బైను వలన కలిగే నిరోధము కొంత లాభాన్ని హరించినను 400 అశ్వశక్తి సులభంగా దాటవచ్చును. ఆ స్థాయిలో కంపెనీ మానిఫోల్డు అడ్డంకి కాదు. ఇంజనును కాపాడేవి లేదా నాశనం చేసేవి వేరే ఉన్నాయి.

- ఇంధనము: గాలి పెరిగినంతగా పెట్రోలు పెరగవలెను. కంపెనీ ఇంజెక్టర్లు, పంపు చాలకపోతే మిశ్రమం పలుచబడి, అకాల పేలుడు వలన పిస్టన్లు దెబ్బతింటాయి.
- కంప్యూటరు సర్దుబాటు: జ్వలన సమయాన్ని పీడనాన్ని అనుసరించి తగ్గించవలెను. గాలి-ఇంధన నిష్పత్తిని చూపే వైడ్‌బ్యాండు సెన్సారు తప్పనిసరి.
- పిస్టన్ రింగుల సందు: కంపెనీ సందు టర్బో లేని ఇంజనుకు తగినది. అధిక వేడికి రింగు సాగి కొసలు తగిలితే పిస్టన్ అంచు విరుగుతుంది. ఎక్కువ పీడనం కోరేవారు ఈ సందును పెంచుతారు.
- నూనె తిరుగు దారి: టర్బో నుండి నూనె భూమ్యాకర్షణ చేతనే క్రిందికి దిగుతుంది. గొట్టం సన్ననిదైనా, పైకి వంగినా సీళ్ళ గుండా నూనె కారుతుంది.

మానిఫోల్డు శక్తిని అడ్డుకొనుచున్నదని అనుమానం కలిగినప్పుడు టర్బైనుకు ముందు, గొట్టానికి చిన్న రంధ్రం చేసి, రాగి గొట్టం ద్వారా పీడనమాపకాన్ని కలిపి కొలుస్తారు. అక్కడ పీడనం గాలి పీడనానికి రెండింతలు దాటితే టర్బైను గాని, దాని గూడు గాని ఇంజనుకు చిన్నదని అర్థము. మానిఫోల్డును మార్చినందువలన ఆ లోపము తీరదు. ఈ ఒక్క కొలత అనవసరమైన ఖర్చును నివారించగలదు.

## పరిమితులు

అన్ని సందర్భాలలోను కంపెనీ మానిఫోల్డు తగినది కాదు.

- అధిక వేగం వద్ద చాలా ఎక్కువ శక్తి కోరే పందెపు ఇంజన్లలో ఇరుకైన దారులు, మూల మలుపులు నిరోధంగా మారుతాయి.
- వాల్వులు రెండూ తెరచి ఉండే సమయం ఎక్కువగా గల క్యామ్‌షాఫ్టుతో పొగ వెనుకకు మరలుట ఎక్కువవుతుంది.
- తరంగాలను రెండు దారులుగా విడదీసే ట్విన్ స్క్రోల్ టర్బోకు ఒకే గది గల మానిఫోల్డు పనికిరాదు.
- ఇరుకైన ఇంజను గదిలో నోరు తగిన చోటికి రాకపోతే, గొట్టాల పని పెరిగి మిగులు మాయమవుతుంది.
- ఇనుము బరువు, ముఖ్యంగా తేలికపాటి కార్ల ముందు చక్రాల మీద, గుర్తించదగినంతగా ఉంటుంది.

## భద్రత

పూర్తి భారం మీద నడిచిన టర్బో ఇంజను మానిఫోల్డు ఎర్రగా కాలుతుంది. దాని మీద ఇంజను నూనె, బ్రేకు నూనె లేదా పెట్రోలు పడితే మండుట ఖాయము. కనుక టర్బో నూనె గొట్టాలకు లోహపు అల్లిక గలవి వాడుట, బ్రేకు గొట్టాలను దూరంగా మళ్ళించుట, మానిఫోల్డుకు వైర్లకు నడుమ లోహపు కవచము ఉంచుట, టర్బైను గూటికి వేడిని ఆపే తొడుగు వేయుట అవసరము. కంపెనీ వేడి కవచాలను పారవేయక తిరిగి బిగించవలెను. మామూలు ఉక్కు గొట్టానికి చుట్టిన పట్టీ తేమను పట్టి ఉంచి త్రుప్పును త్వరపరుస్తుంది. కారులో అగ్నిమాపక సాధనము ఉండవలెను.

## చట్టము

అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం వాహనం యొక్క కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించుట, పని చేయకుండ చేయుట నిషిద్ధము. కాలిఫోర్నియాలో మార్పిడి చేసిన ఇంజను వాహనము కంటె పాత మోడల్ సంవత్సరానిది కారాదు. దాని కాలుష్య పరికరాలన్నియు ఉండవలెను. టర్బో వంటి అదనపు భాగాలకు ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు అనుమతి ఉత్తర్వు అవసరము. కనుక ఇటువంటి వాహనాలు అనేకం పందెపు మైదానాలకే పరిమితం.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నమగునట్లు యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీం కోర్టు కేరళకు చెందిన ఒక కేసులో ఈ నిషేధాన్ని ధ్రువపరచింది. అదే ఏడాది చేసిన చట్ట సవరణ ద్వారా, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించు వీలు కలిగినది. ఇది కేంద్ర చట్టము కనుక ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో కూడా వర్తిస్తుంది. వేరే ఇంజనును, టర్బోను అమర్చిన కారును రవాణా శాఖ అనుమతి లేకుండ రోడ్డు మీద నడుపుట నేరము.

## ఇవి కూడా చూడండి

- టర్బోచార్జరు
- అంతర్దహన యంత్రము
- పోత ఇనుము
- మోటారు వాహనాల చట్టం, 1988